గాలి తీసెయ్

ఎముక విరిగితే చప్పుడొస్తుందంటారు. ఎండుపుల్ల విరిచినట్టు వచ్చిందని గోల్‌పోస్టు పక్కన నిలబడ్డ ఫొటోగ్రాఫరు తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు. గాలాయన మాత్రం వినలేదు. సొంత అల్లుడి కాలు మోకాలి కింద రెండు ముక్కలవుతుంటే ఆయన మైకు పట్టుకుని పాడుతున్నాడు. కళ్ళు మూసుకుని, మెడ నరాలు పొంగి, ఒళ్ళు తెలియకుండా పాడుతున్నాడు.

పాడుతున్నది ఏమిటయ్యా అంటే, కాలు తీసెయ్యమని.

ఇక్కడ మొదలుపెట్టి ఇక్కడే ఆపితే ఆయన్ని రాక్షసుడనుకుంటారు. ఈగ వాలితే విసనకర్రతో తోలేవాడే కానీ కొట్టేవాడు కాదు. కాబట్టి ఆ కుర్రాణ్ణి కాసేపు గడ్డిమీదే ఉంచి, మనం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బస్టాండు వెనక పంక్చర్ షాపు ఆయనది. ముందు నీళ్ళ తొట్టి, పక్కన కంప్రెసరు, గోడకు వేలాడే పాత టైర్లు, నేలమీద ఎప్పటికీ ఆరని నల్లటి తడి. ట్యూబు తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూడటం, అక్కడ గరుకు కాగితంతో రుద్దటం, సొల్యూషన్ రాయటం, ప్యాచ్ వేసి సుత్తితో తట్టటం. ఆ తట్టటంలోనే ఆయన సంగీతమంతా ఉంది. ప్యాచ్‌కి రెండు దెబ్బలు చాలు. ఈయన మాత్రం తకధిమి వేసి, ముక్తాయింపు పూర్తయ్యేదాకా ట్యూబు వదిలేవాడు కాదు. బస్సు వెళ్ళిపోతోంది బాబూ అని బతిమాలేవాళ్ళు బతిమాలుతూనే ఉండేవాళ్ళు.

మొదట్లో ఊరు ఆయన్ని గాలోడనేది. కూతురి పెళ్ళయ్యాక, మామగారి హోదా వచ్చింది కదా అని, గాలోణ్ణి గాలాయన చేసింది. భార్య మాత్రం ఆ బిరుదును లెక్కచెయ్యలేదు. "మావాళ్ళు విచారించకుండా చేశారు. గాలోడంటే గాలి కొట్టేవాడనుకున్నారు, పెళ్ళయ్యాక తెలిసింది గాలికి తిరిగేవాడని" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

ఆమె కాపురానికి వస్తూ బట్టల పెట్టెతో పాటు చిన్న తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకుంది. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లాడు ఆ షాపులోనే, టైర్ల మధ్యనే పెరిగాడు. గాలాయన కూతురు పుడితే ఎత్తుకు తిరిగిందీ వాడే. పెరిగి పెరిగి తలుపంత మనిషయ్యాడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పనిలో చేరాడు. ఊరి ఫుట్‌బాల్ జట్టులో గోలుకి ముందు నిలబడేవాడు. వాణ్ణి దాటుకుని బంతి వెళ్ళడం అరుదు కనక వాడికి గేటు అని పేరొచ్చింది. మాట తక్కువ, ఆకలి ఎక్కువ, బావ అంటే ప్రాణం.

గేటు ఒక్కడూ గోడలా నిలబడితే ఏం లాభం, మిగతా పదిమందీ గడ్డివాములు. ఊరి జట్టు ఎప్పుడూ ఓడేది. ఓడినా సరే ఆదివారం వస్తే ఊరు మైదానానికి వెళ్ళేది, తిట్టడానికైనా వెళ్ళాలి కదా. అలాంటి ఒక ఆదివారం, అవతలి జట్టు కెప్టెను ఒకడు ఛాతీ విరుచుకుని, జనానికి చేతులూపుకుంటూ బంతి తీసుకొచ్చాడు. గేటు ఎదురెళ్ళి, చెప్పు విడిచినంత తేలిగ్గా, ఆ బంతిని వాడి కాళ్ళ దగ్గర్నుంచి తీసేసుకున్నాడు. వాడు బంతి ఇంకా ఉందనుకుని నాలుగడుగులు ఉత్తినే పరుగెత్తాడు. జనం గొల్లుమన్నారు. గాలాయన నోట్లోంచి "గాలి తీసేశాడ్రా" అన్న మాట వచ్చింది. చేతిలో ఎలాగూ లారీ ట్యూబు సాగదీసి ఆయిలు పీపాకి బిగించిన డ్రమ్ము ఉంది. మాట డ్రమ్ము మీద పడింది. పాట పుట్టింది.

ఎగిరెగిరీ వచ్చినాడు, గాలి తీసెయ్.
ఉబ్బుబ్బీ వచ్చినాడు, గాలి తీసెయ్.
బుడగంటి మొనగాడు, గాలి తీసెయ్.
గుండుసూది చాలు వీడికి, గాలి తీసెయ్.

ఆ చివర జనమంతా పళ్ళు బిగించి "స్‌స్‌స్" అనేవారు, ట్యూబులోంచి గాలి పోతున్నట్టు. అన్ని వేల నోళ్ళు ఒక్కసారి అలా అంటే బంతి తెచ్చేవాడు నిజంగానే తడబడేవాడు. ఏ మంత్రం పనిచేసిందో కానీ జట్టు గెలవడం మొదలెట్టింది.

ఆ రోజుల్లో గాలాయన సంతోషం చూసి తీరాలి. బతుకంతా ఇతరుల బండ్లకి గాలి నింపినవాడు, మొదటిసారి తనలో నింపుకున్నాడు. వారం వారం కొత్త చరణం. అవతలి గోల్‌కీపరు మీసాలవాడైతే "మీసమైతే బారెడాయె, మూతి చూస్తే జానెడాయె" అనేవాడు. కొత్త బట్టలతో జట్టు వస్తే "కొత్త చొక్కా, కొత్త బూట్లు, పాత ఆటే ఆడినాడు" అనేవాడు. లెక్కల మాస్టారు షాపు ముందు స్కూటరాపి ఒక ప్రాస ఇచ్చి వెళ్ళేవాడు. ఆస్పత్రి నర్సు పదం బాగాలేదని మార్పించేది. ఎండలో చెమటలు కారుతూ టైరు విప్పుతున్న మనిషి ఉన్నట్టుండి లివరు పక్కన పడేసి, దొరికింది దొరికింది అని గెంతేవాడు. ఏం దొరికిందో అని కస్టమరు నేలంతా వెతికేవాడు. ప్రతి ఆదివారం ఆట అవగానే గేటుని అడిగేవాడు, "ఎలా ఉందిరా ఇవాళ పాట?" అని. "బాగుంది బావా" అనేవాడు గేటు. వాడి నోట్లోంచి వచ్చే రెండు మాటల్లో అదొకటి.

ఇంతవరకూ బాగానే ఉంది. మాట మారింది ఎక్కడంటే, మైదానానికి అవతలి వైపు.

అటు వైపు రేకుల షెడ్డు. గాలాయన ఇటు నుంచి పాడితే గొట్టం మైకులోంచి వెళ్ళి, ఆ రేకులకి తగిలి, గరగరలాడుతూ దిగేది పాట. వాళ్ళకి 'గాలి' వినబడలేదు. 'కాలు' వినబడింది. గాలి తీసెయ్ అని ఇటు పాడుతుంటే, కాలు తీసెయ్ అని అటు పాడేవారు. కొన్ని వారాలు అలా రెండు పాటలు ఎదురెదురుగా నడిచినా ఎవరికీ తెలియలేదు.

అటు కూర్చునే కరెంటాఫీసు గుమాస్తా ఒకసారి గాలి కొట్టించుకోవడానికి వచ్చి, "ఆ కాలు తీసెయ్ అన్నారు చూడండీ, అది రాయాలంటే దమ్ముండాలి" అని మెచ్చుకున్నాడు. గాలాయన నోరు తెరిచాడు, కాదండీ అది గాలి అని చెప్పడానికి. తెరిచిన నోట్లో ముందు ఆ మాటని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. గాలి. కాలు. 'గ' గొంతులోంచి మెత్తగా వస్తుంది. 'క' పెటిల్లుమంటుంది. డ్రమ్ము మీద దెబ్బ ఎక్కడ పడుతుందో అక్కడే పగులుతుంది. పాట కట్టేవాడి పాడు బుద్ధి అది. అర్థం తర్వాత, చప్పుడు ముందు. తెరిచిన నోరు మూసుకుని, గుమాస్తా సైకిలుకి ఇంకో రెండు పంపులు ఎక్కువ కొట్టి పంపించాడు.

తర్వాతి ఆదివారం, రుచి చూద్దామని, తనే మైకులో కాలు అన్నాడు. రెండు వైపులా ఒకే మాట కలిసేసరికి మైదానం అదిరింది. ఆ రుచి మరిగిన నాలుక మళ్ళీ వెనక్కి రాలేదు.

భార్య ఒక్కతే ఆపి చూసింది. "కాళ్ళు తియ్యడం ఏంటండీ, అపశకునం. రేపు మన అల్లుడు కూడా ఈ మైదానంలోనే ఆడతాడు కదా."

"పాటకి చుట్టరికాలు ఉండవే" అన్నాడాయన.

అల్లుడు వంతెన అవతలి ఊరివాడు. ఆ ఊరి జట్టులో గోల్సు కొట్టేది అతనే. కరెంటు లైన్‌మన్. స్తంభాలెక్కి బతికే కాళ్ళు అవి. మామా అల్లుళ్ళకి తెగ పరాచికాలు. ఫైనల్లో రెండు ఊళ్ళూ తలపడతాయని తేలగానే గాలాయన అల్లుడి మీద ఒక చరణం కట్టి ఫోనులో వినిపించాడు కూడా. "స్తంభమెక్కే చినవాడు, దిగుట ఎట్లో తెలియనోడు" అని. అటు నుంచి అల్లుడు పడీపడీ నవ్వి, "గోలు కొట్టాక మీ డ్రమ్ము నేను పట్టుకెళ్ళిపోతాను మామా, కాచుకోండి" అన్నాడు. పక్క నుంచి కూతురు నవ్వు వినబడింది. ఆ నవ్వు గాలాయనకి ఏ పాటకన్నా ఎక్కువ. దానికోసం ఏమైనా చేసే మనిషి.

ఫైనల్ రోజున ఆయన కళ్ళు మూసుకుని పాడుతున్నది ఆ చరణమే. దిగుట ఎట్లో తెలియనోడు, కాలు తీసెయ్. ఊరంతా అందుకుంది. కాలు తీసెయ్. అల్లుడు బంతితో దూసుకొచ్చాడు. గేటు నేలమీద జారుతూ ఎదురెళ్ళాడు. ఇద్దరూ కలిసిన చోట గడ్డీ మట్టీ ఎగిరాయి. అల్లుడు ఎగిరి పక్కకు పడ్డాడు. పాదం ఒకవైపు చూస్తోంది, మోకాలు ఇంకోవైపు చూస్తోంది. మేజోడు తెల్లగా ఉండాల్సిన చోట ఎర్రగా నానుతోంది. ఊరు పళ్ళు బిగించి స్‌స్‌స్ అంది.

ఆ సడికి గాలాయన కళ్ళు తెరిచాడు.

చూశాడు. మైకు జారిపోయింది. "గాలి, గాలి, గాలిరా" అని అరిచాడు. ఎవరికి వినబడుతుంది? కట్టలు తెగిన ఏటికి గొడుగు అడ్డం పెట్టినట్టే ఉంది. వంతెన అవతలి ఊరివాళ్ళు కంచె విరుచుకుని మైదానంలోకి దూకారు. ఇవతలివాళ్ళు ఊరుకుంటారా, బెంచీల పలకలు పీకారు. సీసాలు పగిలాయి. ఒకడు పగిలిన సీసా మెడ పట్టుకుని, ఎవణ్ణి పొడవాలో తెలియక, కనబడ్డవాడి భుజంలో దించాడు. టీ డబ్బాలవాడి పొయ్యి తన్నేస్తే మరుగుతున్న నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీద పడ్డాయి. లెక్కల మాస్టారు, ప్రాసలిచ్చే ఆ పెద్దమనిషే, కిందపడ్డ ఒకణ్ణి డొక్కలో తంతున్నాడు. తన్ను తన్నుకీ కాలు తీసెయ్ అంటున్నాడు, తాళం తప్పకుండా.

అల్లుడి దగ్గరికి వెళ్ళాలని గాలాయన తను నిలబడి పాడే పిట్టగోడ దిగి పరుగెత్తాడు. నాలుగడుగులు వెయ్యకముందే ఎవరో నడుం పట్టుకుని పైకి లేపారు. అభిమానులు. పాట కట్టిన మొనగాణ్ణి భుజాలకెత్తుకున్నారు. "దింపండ్రా, అక్కడ నా అల్లుడు" అని చేతిలోని డ్రమ్ము పుల్లతో కిందవాడి నెత్తిమీద బాదాడు. వాడు అది దరువనుకుని ఇంకా హుషారుగా ఎగిరాడు. అలా ఎగిరెగిరి పడుతూ, జనం తలల పైన, మైదానం నడిమధ్యకి ఊరేగాడు గాలాయన. భర్త తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కూతురు ముఖమెత్తింది. భుజాల మీద ఊగుతున్న తండ్రిని చూసింది.

పోలీసులు లాఠీలతో వచ్చి మనుషుల్ని విడదీసేసరికి ఊరు గెలిచిందో ఓడిందో చెప్పడానికి రిఫరీ లేడు, పారిపోయాడు. గెలిచామని ఊరే తీర్మానించుకుంది.

సాయంత్రం ఆస్పత్రిలో, అల్లుణ్ణి పడుకోబెట్టిన గది గుమ్మం దగ్గర కూతురు అడ్డంగా నిలబడింది. చీర మీద రక్తం ఎండిపోయి ఉంది. వెనక నుంచి అల్లుడి మూలుగు వినబడుతోంది. ఇంకా మత్తు ఇవ్వలేదు.

"ఒక్కసారి చూసి వెళతానమ్మా" అన్నాడు గాలాయన.

"ఏం చూస్తావు? విరిగిందో లేదో చూస్తావా? విరిగింది. రెండు ముక్కలైంది. ఇక స్తంభం ఎక్కలేడేమో అంటున్నారు."

"అమ్మా, నేను రాసింది గాలి అని."

"నువ్వు పాడింది నేను విన్నాను నాన్నా. నాకు చెవులున్నాయి." ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. "నా మొగుడి కాలు తీసినవాడు దర్జాగా తిరుగుతున్నాడు. వాడి పాటగాడు ఇక్కడికొచ్చి ఏడుస్తున్నాడు. మావయ్య కాలు తీసి పట్టుకురా. అప్పుడు తొక్కు ఈ గుమ్మం."

అని తలుపు వేసుకుంది. కోపంలో ఉన్న ఆడపిల్ల మాట అది. ఇంకెవరైనా అయితే ఒక రాత్రి పడుకుని లేచి మర్చిపోయేవారు. గాలాయన పడుకోలేదు. పాటల మనిషికి మాట ఒకసారి చెవిలో పడితే చాలు, అది తనంతట తనే తిరుగుతూ ఉంటుంది. కాలు తీసి పట్టుకురా. దానికి తాళం కూడా కుదిరింది. ఆ కుదిరినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గేటు మీద పెట్టాడు. నేను పాడితే పాడాను, వాడికి బుద్ధి లేదా? ఎత్తుకు పెంచిన పిల్ల మొగుడని తెలియదా? తన్ని మరీ తీస్తాడా? తెల్లవారేసరికి తప్పంతా గేటుదే అయిపోయింది.

పొద్దున్నే టైరు లివరు తీసుకుని బయల్దేరాడు. ఎక్కడో లారీ ఆగిపోయి ఉంటుందనుకుంది భార్య.

ఐసు ఫ్యాక్టరీలో గేటు ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళు విజయోత్సవం లారీ ఎక్కడానికి వెళ్ళిపోయారు. వీడు వెళ్ళలేదు. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి డబ్బాలు పైకి లేపి, తిరగేసి, జారిన దిమ్మల్ని కొక్కెంతో లాగుతున్నాడు. నేలంతా తడి, రంపపు పొట్టు, కరుగుతున్న ముక్కలు. మోచేయి చెక్కుకుపోయి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. బావని చూడగానే కొక్కెం ఆపాడు.

"అల్లుడికి ఎలా ఉంది బావా? ఆస్పత్రి దాకా వచ్చాను నిన్న. లోపలికి రావడానికి ముఖం చెల్లలేదు."

ఆ ఎలా ఉంది అన్న మాటే గాలాయనకి నిప్పంటించింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. గేటు కదల్లేదు, అర్థం కాలేదు వాడికి. రెండోది మెడ పక్కన. చెవి చిట్లి రక్తం చిమ్మింది. చేతిలో మూరెడు ఇనప కొక్కెం ఉంది, ఒక్కసారి విసిరితే బావ పేగులు నేలమీదుండేవి. గేటు ఆ కొక్కేన్ని దూరంగా పారేశాడు. "బావా, ఆగు బావా" అంటూ వెనక్కి జరిగాడు. గాలాయన మీదపడి, జుట్టు పట్టుకుని, ముఖం దిమ్మకేసి గుద్దాడు. తెల్లటి ఐసు మీద ఎర్రటి మరక పడింది. గేటు ఒక్కసారి విదిలించుకుంటే గాలాయన ఎగిరి నీళ్ళలో వెల్లకిలా పడ్డాడు. మళ్ళీ లేచాడు. "దాని మొగుణ్ణి కుంటివాణ్ణి చేస్తావురా? నా ఇంటి తిండి తిని?" అంటూ లివరు గాల్లో తిప్పాడు. తప్పించుకోబోయి గేటు కాలు ఐసుముక్క మీద పడింది. జారి, తొట్టి అంచుకి తగిలి, కాళ్ళు చాపుకుని కూలబడ్డాడు.

చాపిన కాలు ఎదురుగా ఉంది. గాలాయన రెండు చేతులా ఎత్తి కొట్టాడు.

ఈసారి చప్పుడు విన్నాడు. ఫొటోగ్రాఫరు చెప్పింది నిజమే.

గేటు అరవలేదు. కాలు వంక చూసుకుని, నోరు తెరిచి, ఊపిరి అందక కాసేపు అలాగే ఉండిపోయాడు. పెదవి చిట్లి గడ్డం మీదుగా రక్తం కారుతోంది. చివరికి మాట వచ్చింది.

"బంతికే వెళ్ళాను బావా."

"నోర్ముయ్. పాట విని తీశావు."

"ఏ పాట?"

"ఏ పాటేంట్రా? నేను పాడిన పాట. ఊరంతా పాడిన పాట."

గేటు తల అడ్డంగా ఊపాడు. నొప్పికి పళ్ళు కరుచుకుంటూ, తప్పు చేసినవాడిలా చెప్పాడు. "నాకు ఆటలో పాట వినబడదు బావా. ఏ రోజూ వినబడలేదు. నా ఊపిరి తప్ప ఇంకేం వినబడదు. నువ్వు ఎలా ఉంది అనడిగితే బాగుంది అనేవాణ్ణి. లేదంటే నువ్వు బాధపడతావని." గడ్డం మీది రక్తం తుడుచుకున్నాడు. "బంతికే వెళ్ళాను. గడ్డి తడిగా ఉంది. జారాను. దాని మొగుడి కాలు నేనెందుకు తీస్తాను?"

లివరు నేలమీద పడింది. ఫ్యాక్టరీ కంప్రెసర్లు గుడగుడమంటున్నాయి. అన్ని వేల మంది పాడారు ఆ పాట, ఇన్ని వారాలు. దాని మాట విని కాలు తీసినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. అది రాసినవాడే. ఆ సంగతి గాలాయనకి అక్కడ, ఆ తడి నేలమీద, మోకాళ్ళ మీద కూలబడ్డాక అర్థమైంది. గేటు పాదం పట్టుకుని భోరుమన్నాడు. పట్టుకోకు బావా నొప్పి అన్నాడు గేటు.

దిమ్మలు మోసే తోపుడుబండి మీద గోనెసంచులు పరిచి, తలుపంత మనిషిని ఎలా ఎక్కించాడో ఎక్కించి, నడిరోడ్డున తోసుకుంటూ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారంతా గేటు ఒకే మాట చెబుతూ వచ్చాడు. "దిమ్మ జారి పడిందని చెబుతాను. నువ్వేం మాట్లాడకు." డాక్టరు అడిగితే అదే చెప్పాడు. దిమ్మ పడితే చెవి కూడా చిట్లుతుందా అని డాక్టరు అడగబోయి, ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నాడు. నిన్నటి కొట్లాటతో మిగతా గదుల్లో మంచాలన్నీ నిండిపోయాయి. అల్లుడి గదిలోనే పక్క మంచం ఖాళీగా ఉంటే అక్కడికే తోశారు గేటుని.

భార్య పరుగెత్తుకొచ్చింది. తమ్ముణ్ణి చూసింది. భర్త చొక్కా మీది రక్తం చూసింది. ఆమెకి దిమ్మల కథ ఎవరూ చెప్పలేకపోయారు.

"వాణ్ణి నీ చేతుల్లో పెట్టింది టైర్లు విప్పడం నేర్పుతావని" అంది. "కాళ్ళు విప్పుతావని కాదు." తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆమె ఆయన్ని నువ్వు అనడం పెళ్ళయ్యాక అదే మొదలు.

గాలాయన వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు. గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మాటలు వినబడుతున్నాయి. కూతురు ఏడుస్తోంది. "కోపంలో అన్నాను. నిజంగా చేస్తాడని నేననుకున్నానా?" అంటోంది.

గేటు గొంతు. "ఏడవకే. దిమ్మే పడింది."

తర్వాత అల్లుడి గొంతు, మందుమత్తులో నెమ్మదిగా. "బంతికే వచ్చాడు. నేనే చివరి క్షణంలో కాలు అడ్డం పెట్టాను. నిన్ననే చెప్పాలి, నొప్పిలో నోరు పెగల్లేదు." మంచం కిర్రుమంది. "మామ బయటున్నాడా? లోపలికి పిలువు. కుక్కలా అలా గుమ్మంలో కూర్చోవడం ఏంటి? పిలువు వెళ్ళి."

ముక్కు చీదుకున్న చప్పుడు, గాజుల చప్పుడు. "పిలుస్తాను" అంది కూతురు.

గాలాయన తల వాల్చేసుకున్నాడు. వస్తోంది. పిలుస్తుంది. కాళ్ళ మీద పడదామా, కన్నకూతురి కాళ్ళ మీద పడకూడదంటారు, అయినా పడదాం అనుకున్నాడు.

అప్పుడే ఆస్పత్రి ముందు రోడ్డు మీదికి విజయోత్సవం లారీ వచ్చింది. మైకులో ఎవరో కుర్రగొంతు ఎత్తుకుంది. స్తంభమెక్కే చినవాడు. లారీ నిండా జనం అందుకున్నారు. ఆ డ్రమ్ము ఆయనదే, షాపులోంచి పట్టుకొచ్చినట్టున్నారు. వాయించేవాడికి చెయ్యి బాగుంది. ముక్తాయింపు దగ్గర ఆయన ఎప్పుడూ వెయ్యని ఒక కొత్త దెబ్బ వేస్తున్నాడు. ఆ దెబ్బ కోసం లారీ మొత్తం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ విరుచుకు పడుతోంది. కాలు తీసెయ్.

తలుపు తెరుచుకుంది. కూతురు గుమ్మంలో నిలబడింది. నోరు తెరిచి నాన్నా అనబోయి ఆగింది. ఆమె చూపు ఆయన ముఖం మీద లేదు, కిందికి ఉంది. ఎక్కడ చూస్తోందా అని గాలాయన కూడా అటే చూశాడు.

తన బొటనవేలు నేలమీద తాళం వేస్తోంది.

రెండో పాదంతో దాన్ని గట్టిగా తొక్కి పట్టాడు. ముఖమెత్తేసరికి కూతురు లోపలికి వెళ్ళి, గడియ పెట్టుకుంది.